కమిషనర్ గారి గవ్వతెలుపు ఇల్లు

"నా ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం ఓకలీ కౌంటీలో ఏ మనిషి సొంత స్థలంలోనూ ప్రభుత్వం కాలు పెట్టదు," అని కమిషనర్ వెండెల్ స్ట్రిబ్లింగ్ గారు మంగళవారం ఉదయం కోర్టు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. హాజరైన పద్నాలుగు మందీ చప్పట్లు కొట్టారు. అందులో ఆరుగురు జ్యూరీ డ్యూటీకి వచ్చి, లోపల కుర్చీలు చాలక బయట నించున్నవాళ్లు.

ఇది ఉత్తి నోటిమాట కాదు. కౌంటీ బోర్డుకి ఎన్నికైన సభ్యుడిగా పదకొండేళ్ల పదవీకాలంలో ఆయన కంచె ఎత్తు రూలు తీసేయించారు. కోళ్ల రూలు, చెట్ల రూలు, చివరికి మురుగు కాలవల రూలు కూడా తీసేయించారు. ఫ్లోరిడా మొత్తమ్మీద ఇంత స్వేచ్ఛ ఇంకెక్కడా లేదని ఆయన అచ్చు వేయించిన కరపత్రమే చెబుతుంది. కాలవల రూలు పోయిన వారానికే హికరీ రోడ్డులో ఒక పౌరుడు తన ఇంటిముందు కాలవని మట్టితో పూడ్చి, దాని మీద పడవ నిలుపుకున్నాడు. ఎగువనున్న మిస్ ఎర్లీన్ బోట్‌రైట్ పెరట్లో ఆనాటి నుంచీ మోకాలి లోతు నీళ్లు.

ఈ మిస్ ఎర్లీన్, స్ట్రిబ్లింగ్ గారికి మూడో తరగతిలో పాఠాలు చెప్పిన టీచరు. ప్రతి బోర్డు మీటింగుకీ రబ్బరు బూట్లతో వచ్చేది. ప్రజలు మాట్లాడ్డానికిచ్చే మూడు నిమిషాల్లో పది సెకన్లే వాడుకునేది.

"వెండెల్, నా పెరట్లో నీళ్లు పోవడం లేదు."

"మీ సమస్య నా సమస్య, మిస్ ఎర్లీన్. వెంటనే కమిటీ వేస్తున్నాను."

అంత పని ఒత్తిడిలోనూ ఆయనకొక కల ఉండేది. కౌంటీ చివర పెలికాన్‌ల్యాండ్ అనే వినోదాల పార్కు ఉంది. పార్కు మధ్యలో సరస్సు, సరస్సు ఒడ్డున ఇరవై రెండు తెల్లటి ఇళ్లు. ఇల్లు కొనుక్కున్నవాళ్లు అక్కడే, బొమ్మల ఊరేగింపుల మధ్య, బాణాసంచా కింద కాపురం ఉంటారు. స్ట్రిబ్లింగ్ గారూ ఆయన భార్య మార్లీనూ పందొమ్మిదేళ్లుగా ఏటా పాసు కొని పార్కు రైలెక్కి, ఆ ఇళ్లు కనబడే ఎడమవైపే కూచునేవారు. ఏడో నంబరు ఇంటి వరండాలో రెండు ఊగే కుర్చీలు ఖాళీగా ఉండేవి. రైలు మలుపు తిరిగేదాకా ఆయన మెడ తిప్పి వాటినే చూసేవారు. బోర్డు మీటింగుల్లో బల్లకింద పెట్టుకుని ఆయన తదేకంగా చదివేది బడ్జెట్టు కాదు, ఆ ఇళ్ల బ్రోచరు.

ఆ ఏడో నంబరే అమ్మకానికి వచ్చింది. స్ట్రిబ్లింగ్ గారు తండ్రినాటి నారింజ తోట ఆ వారమే అమ్మేశారు. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. నివాసుల ఆనందశాఖ డైరెక్టరు డెల్ఫీన్ ఓక్స్ అనే ఆవిడ రెండువందల పన్నెండు పేజీల రూల్సు పుస్తకం ముందుపెట్టి, చిరునవ్వు చెదరకుండా మొదలెట్టింది.

"ఇంటికి మూడు రంగులు అనుమతిస్తాం సార్. పావురం తెలుపు, గవ్వ తెలుపు, నురగ తెలుపు."

స్ట్రిబ్లింగ్ గారికి మూడూ ఒకటిగానే కనబడ్డాయి. "గవ్వ తెలుపు," అన్నారు చెమర్చిన కళ్లతో.

"పది నుంచి ఆరు దాకా కర్టెన్లు తీసే ఉంచాలి. రైలు పన్నెండు నిమిషాలకోసారి వస్తుంది. అప్పుడు మీరు వరండాలో ఉంటే చెయ్యి ఊపాలి. కుడిచెయ్యి."

"రెండూ ఊపితే?"

"సాయం అడుగుతున్నారని జనం కంగారు పడతారు సార్. మీకు కుక్క ఉందా?"

"వేటకుక్క ఉంది. బావమరిది ఇంటికి పంపేస్తాను."

"పికప్ ట్రక్కు?"

"అదీ వాడికే."

"మాంసం కాల్చడం శనివారం మాత్రమే. చెత్తడబ్బా ఎవరి కంటా పడకూడదు. మా దగ్గర చెత్త ఉండదు సార్."

స్ట్రిబ్లింగ్ గారు అన్ని పేజీల మీదా సంతకం చేసి, కాసేపు ఆలోచించి, "కాలింగ్ బెల్లుకి రూలేమీ లేదా?" అని అడిగారు, ఏదో వెలితిగా అనిపించి.

"నూట నలభయ్యో పేజీ. రెండుసార్లే మోగాలి."

"చూశావా మార్లీన్," అన్నారు ఆయన కారులో. "మన గురించి ఇంత ఆలోచించినవాళ్లు ఇంతవరకూ ఎవరైనా ఉన్నారా?"

ఇల్లు చేతికొచ్చింది. ఆ తర్వాతి పది వారాలూ ఆయన జీవితంలో బంగారు రోజులనే చెప్పాలి. రైలు వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి లేచేది. పిల్లలు తిరిగి చేతులూపేవారు. పొద్దున లేస్తే గడ్డి దానంతటదే కత్తిరించుకున్నట్టుండేది.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. స్ట్రిబ్లింగ్ గారు అలవాటు ప్రకారం ఇంటిముందు గడ్డిలో 'స్వేచ్ఛకే మీ ఓటు' అనే బోర్డు పాతారు. పదకొండు నిమిషాల్లో తెల్ల గ్లవ్సు వేసుకున్న మనిషొకడు నవ్వుతూ వచ్చి, బోర్డు పీకి, గుంట పూడ్చి, ఆ చోట పెలికాన్ పక్షి ఆకారం బిస్కెట్టు ఒకటి పెట్టి వెళ్లాడు. వెనకే డెల్ఫీన్ వచ్చింది.

"నూట ఎనభై ఎనిమిదో పేజీ సార్. మా అతిథులు ప్రభుత్వాన్ని మరిచిపోవడానికి వస్తారు. వాళ్లకి అది గుర్తొచ్చే ఉద్యోగం ఇక్కడివాళ్లు చెయ్యకూడదు. పదవా, ఇల్లా, శుక్రవారంలోగా చెప్పండి."

ఆ మూడు రోజులూ ఆయనకి అన్నం సయించలేదు. ఇష్టమైన క్యాట్‌ఫిష్ చేప వేయించి ముందు పెట్టినా పక్కకి తోసేశారు. పదకొండేళ్ల పదవి, కౌంటీ ప్రజల స్వేచ్ఛ, అన్నీ కళ్లముందు తిరిగాయి.

"నేను లేకపోతే జనం ఏమైపోతారు మార్లీన్?"

మార్లీన్ కుర్చీలో ఊగుతూనే అడిగింది. "నువ్వు గెలిచిన మూడుసార్లూ ఎవరైనా రైల్లోంచి నీకు చెయ్యి ఊపారా, హనీ?"

శుక్రవారం ఆయన రాజీనామా చేశారు. జనం ఏమైపోయారన్నది కౌంటీ రికార్డుల్లో స్పష్టంగానే ఉంది. తర్వాతి రెండు మీటింగుల్లోనూ గుమాస్తా అలవాటు కొద్దీ ఆయన ఖాళీ కుర్చీ పేరున ప్రతి ఓటుకీ 'అనుకూలం' అని రాసుకుపోయాడు. మూడో మీటింగులో ఎవరో కూచోడానికి ఆ కుర్చీ అడిగితే గానీ సంగతి బయటపడలేదు.

ఉపన్యాసం అలవాటైన నోరు ఊరికే ఉండదు. స్ట్రిబ్లింగ్ గారు వరండాలో నిలబడి, వచ్చిన ప్రతి రైలుకీ పన్నెండు సెకన్ల ప్రసంగం చెయ్యసాగారు. ప్రయాణికులు ఈలలు వేశారు. ఎనిమిదో రోజున డెల్ఫీన్ వచ్చేసరికి ఇల్లు పోయిందనే అనుకున్నారు ఆయన. కుర్చీ పట్టుకుని నిలబడ్డారు.

"సార్, మా పార్కు బజారుకి మేయరు వేషం ఖాళీగా ఉంది," అంది డెల్ఫీన్. "భుజమ్మీంచి వేసుకునే ఎర్ర పట్టీ, పొడవు టోపీ మేమే ఇస్తాం. పదకొండింటికి, రెండింటికి, మూడింటికి. మాటలు మేమే రాసిస్తాం. మూడు రోజులు ట్రైనింగు."

ఆయన కాగితం అందుకుని పైకి చదివారు. "మీ సమస్య నా సమస్య. వెంటనే కమిటీ వేస్తున్నాను. ఈలోగా ఒక గ్లాసు నిమ్మరసం తీసుకోండి."

ట్రైనింగు ఇచ్చే అతను నోరు తెరిచి విన్నాడు. "సార్, మీకు నేను నేర్పేదేమీ లేదు," అని సామాను సర్దుకున్నాడు.

మేయరుగా స్ట్రిబ్లింగ్ గారి పరిపాలన అద్భుతం. రోజుకి మూడుసార్లు రిబ్బను కత్తిరించేవారు, మూడుసార్లూ కొత్తదే. ఫిర్యాదు చెప్పుకోవడానికి జనం టికెట్టు కొని మరీ వరసలో నిలబడేవారు. ఏ ప్రజాప్రతినిధికీ పట్టని అదృష్టం అది. ఒక పిల్లకి ఐస్‌క్రీము కింద పడిపోయింది. ఒకడికి చెల్లెలు నచ్చలేదు. అందరికీ కమిటీ వేశారు, అందరూ నిమ్మరసం తాగి సంతోషంగా వెళ్లారు.

జూలైలో ఒక మధ్యాహ్నం మూడింటి వరసలో, ఇద్దరు సముద్రపుదొంగ వేషాల పిల్లల మధ్య, రబ్బరు బూట్లు కనబడ్డాయి. మిస్ ఎర్లీన్ నలభై నిమిషాలు ఓపిగ్గా నిలబడి ముందుకొచ్చింది.

"వెండెల్, నా పెరట్లో నీళ్లు పోవడం లేదు."

స్ట్రిబ్లింగ్ గారి చెయ్యి ఒక్క క్షణం పట్టీ మీద ఆగింది. వేషంలో ఉన్నంతసేపూ వేషం దాటి మాట్లాడకూడదని అరవై ఒకటో పేజీ.

"మీ సమస్య నా సమస్య. వెంటనే కమిటీ వేస్తున్నాను. ఈలోగా ఒక గ్లాసు నిమ్మరసం తీసుకోండి."

ఆమె గ్లాసు అందుకుని సగం తాగింది. "ఇన్నేళ్లూ ఇదే విన్నాను నాయనా. నిమ్మరసం మాత్రం ఇదే మొదటిసారి."

అంతలో రోజూ ఆ వేళకి పడే వాన పడనే పడింది. బజారంతా చీలమండ లోతు నీళ్లు. జనం దుకాణాల చూర్ల కిందికి పరిగెత్తారు. తెల్ల గ్లవ్సు మనుషులు ఎక్కడివాళ్లక్కడ ప్రత్యక్షమై, రోడ్డు అంచున కాలవల మీదున్న ఇనప జాలీలు సరిచేశారు. నీళ్లు గుటగుటమంటూ లోపలికి పోయాయి. నాలుగు నిమిషాల్లో వీధి మళ్లీ తళతళలాడింది.

మిస్ ఎర్లీన్ తడుస్తూ అలాగే నిలబడి చూసింది. తర్వాత సంచిలోంచి ఫోను తీసింది.

స్ట్రిబ్లింగ్ గారు టోపీ సరిచేసుకున్నారు. పట్టీ మీద 'మేయర్' అన్న అక్షరాలు కనబడేలా లాక్కుని, ఫొటోలకి ఎప్పుడూ నిలబడే పద్ధతిలో గడ్డం కాస్త పైకెత్తారు.

ఆమె ఆయన్ని రెండడుగులు పక్కకి జరగమంది. "నీ కాలు అడ్డొస్తోంది," అని, మోకాళ్ల మీద చేతులానించి వంగి, ఆ ఇనప జాలీని దగ్గరగా మూడు ఫొటోలు తీసుకుంది.

రూల్సు పుస్తకంలో ఉన్నట్టే, ఆయన నవ్వుతూ నిలబడ్డారు.