మిరపకాయ బజ్జీ మందగమన మహాసమరము

శ్రోతలారా, చెవులొగ్గి వినుడు! జంక్షనులో గూడ్సుబండి సైతము ఊపిరి బిగబట్టి నిలిచిన ఫిబ్రవరి ఆదివారమున, ప్రచండమార్తాండుడు నడినెత్తి కెక్కుచుండ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మహారథులు మోహరించిన డోర్నకల్ మైదానమున జరిగిన స్లో సైకిల్ సంగ్రామమును చెప్పెద. ఇందు ధర్మము విపరీతము: కడపట గీత దాటినవాడే విజేత. కాలు నేల మోపినవాడు ఓడినట్లే.

మన నాయకుడు రెడ్యా, మహబూబాబాద్ జిల్లా తండావాసి, ద్విచక్రధురంధరుడు, ఆలస్యవిద్యావిశారదుడు. ఆ విద్య వానికెవడును నేర్పలేదు. ప్రతి అంగడినాడు భార్య చంద్రి వెనుక క్యారేజీపై కూర్చుండి ముచ్చట చెప్పుచుండ, ఇల్లు చేరినచో ముచ్చట ఆగునను భయమున, మేకలు సైతము తన్ను దాటిపోవునట్లు తొక్కుటయే వాని సాధన. ఆ సంతోషముతోనే నిరుడు పందెమున దిగి, గెలిచి, గెలిచిన సంగతి తెలియక ఇంకను తొక్కుచునే యుండెను.

అంతట విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, ఈలాయుధుడు కృపాకర్ సారు వానిని చేరదీసెను. జన్మమంతయు పరుగుపందెములకే శిక్షణనిచ్చిన ఆ మహనీయునకు తెలిసిన మంత్రములు రెండే: తిట్టు, తాయిలము. గీతకవతల స్టూలుపై పొగలు గ్రక్కు మిరపకాయ బజ్జీని ప్రతిష్ఠించి యిట్లు గర్జించెను:

"రెడ్యా! నిరుడు నవ్వుకుంట గెలిచినవ్, గదంత గాలివాటం! గెలిస్తే బజ్జీ నీది, ఓడితే నాది. చూపు బజ్జీ మీదికెల్లి కదలొద్దు, సమజైందా?"

చూపు బజ్జీపై నిలిచెను, నోరూరెను. చల్లారునేమో యను ఆత్రమున పాదములు తమంత తామే పరుగెత్తెను. పది దినముల సాధనలో రెడ్యా పదిమార్లు తోడి కుర్రలందరికంటె ముందు గీత దాటి ఓడెను. పది బజ్జీలును గురువుగారే భుజించిరి. వానికి సైకిలనిన వెగటు పుట్టెను. అంగడికి ఆటోలో పోవసాగెను. ఆ రొదలో చంద్రి ముచ్చట వానికి వినరాదాయెను. ఆమె చెప్పుట మానెను. పాపము, ఆ యింట నవ్వే కరవాయెను.

సమరదినమునను గీతకవతల స్టూలుపై బజ్జీ వెలసెను, ఈల మ్రోగెను. జనగామ వీరుడు కల్యాణ్ మొదటి గజములోనే కాలు మోపి కూలెను. భూపాలపల్లి యోధుడు ప్రణయ్ తూలుచు, వణకుచు నిలద్రొక్కుకొనెను. రెడ్యా బజ్జీని చూచెను, చక్రము ముందుకురికెను.

"మెల్లగ రా! మెల్లగ! ఇజ్జత్ తీస్తున్నవ్ గదరా!" అని సారు అరచినకొలది వేగము హెచ్చెను. గీత రెండు గజముల దూరమున నుండెను.

అప్పుడు ప్రేక్షకుల నాపు తాడున కావల నడచుచు చంద్రి పలికెను: "ఏమయ్యా, గా బజ్జీ దిక్కు చూడకు, జర నా ముచ్చటిను. బీక్యా మామ కొత్త చెప్పులు పోయినయని తండ అంత లొల్లి జేసిండు. యాడ దొరికినయో ఎర్కేనా?"

"యాడ?" అనెను రెడ్యా.

"చెప్త, నిమ్మళంగ తొక్కు."

చక్రము నిలిచినట్లే కదలెను, కదలినట్లే నిలిచెను. ప్రణయ్ ఇక తాళలేక గీత దాటెను. మూడు క్షణముల పిమ్మట, జయజయధ్వానముల నడుమ, మన వీరుడు దాటెను.

"చూసిన్రా నా ట్రైనింగ్!" అని సారు ఉప్పొంగి బజ్జీని అందింపబోయెను. రెడ్యా దానివంక చూడనైన చూడక, "యాడ దొరికినయే?" అని చంద్రి నడిగెను.

"ఇంటికి పోయేటప్పుడు చెప్త. ఆటోల గాదు, సైకిల్ మీద."

ఆ పదునొకండవ బజ్జీని సైతము గురువుగారే ఆరగించిరి. మూడు జిల్లాల వీరులను వెనుకబడి జయించిన రెడ్యా, చంద్రి నెక్కించుకొని, మేకలెల్ల తన్ను దాటిపోవుచుండ, దీపాలవేళకు వాకిలి చేరెను.

చెప్పులు బీక్యా మామ కాళ్లకే యుండెనట.