అడగకుండా కుమ్మరించువాడు ధన్యుడు

అయ్యలారా, అమ్మలారా! అడగనివాడికి చెప్పడం, చాలన్నవాడికి మళ్ళీ వడ్డించడం, ఆగమన్నా ఆగకపోవడం... ఈ మూడూ మానవజాతి సాధించిన మహోన్నత గుణాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. వీటిని అరికట్టాలని చూసే ఎవరినైనా సరే తుదికంటా ఎదిరిస్తాను. అలాంటి ప్రయత్నం మా ఇంట్లోనే, మా ముందుగదిలోనే, స్వయానా మా కోడలి చేతుల మీదుగా జరిగింది కనుక కలం పట్టక తప్పింది కాదు.

ముందు మీ ఫోను తీసి చూడండి. తెల్లారేసరికి బంధువుల గ్రూపులో నూట నలభై రెండు మెసేజీలు! ఎంత హాయి! అవే మూడు వచ్చుంటే మూడూ చదవాలి, మూడింటికీ జవాబివ్వాలి, మూడోదాంట్లో పెద్దమ్మ మోకాలినొప్పి గురించి కూడా విచారించాలి. నూట నలభై రెండయ్యేసరికి ఒక్కటీ చదవనక్కర్లేదు. కళ్ళకు విశ్రాంతి, మనసుకు ప్రశాంతత. పెద్దమ్మ మోకాలు దాని దారిన అది ఉంటుంది.

ఆఫీసులకు రండి. పొద్దున్నే నాలుగు మెయిళ్ళు వచ్చిన ఉద్యోగి పాపం, నాలుగింటికీ సమాధానం చెప్పుకోవాలి. నాలుగు వందలు వచ్చినవాణ్ణి ఎవరైనా పల్లెత్తు మాట అనగలరా? వాడు వాటికేసి ఒకసారి చూసి, తలపట్టుకుని, కాఫీకి వెళ్ళిపోతాడు. పైగా చుట్టుపక్కల సీట్లవాళ్ళు వాణ్ణి జాలిగా, గౌరవంగా చూస్తారు.

బడివాళ్ళు మరీ పుణ్యాత్ములు. పిల్లవాడి బూట్ల రంగు గురించి యాప్‌లో పదిహేడు నోటీసులు పంపి, పద్దెనిమిదోదాంట్లో లెక్కల పరీక్ష తేదీ పెడతారు. తల్లిదండ్రులు పదిహేడు దగ్గరే సొమ్మసిల్లుతారు. ఆ రోజు పిల్లవాడు తళతళలాడే బూట్లు వేసుకుని, పరీక్ష ఉందన్న సంగతే తెలియక, నిర్భయంగా బడికి వెళతాడు. భయమెరగని బాల్యం ఇంకెలా వస్తుంది చెప్పండి?

ఇక భోజనాల దగ్గర, కంచం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించే మహానుభావులున్నారు. వాళ్ళకు నా సాష్టాంగ నమస్కారం. అతిథి చాలంటాడు, అనడం అతని ధర్మం. చాలన్నాడు కదా అని ఆపేస్తే దాన్ని ఆతిథ్యం అంటారా, క్యాంటీన్ అంటారా?

నా సంగతి చూడండి. ముప్పై రెండేళ్ళు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పాను. ఇన్నేళ్ళలో ఒక్క కుర్రాడు "తరవాత ఏమైంది సార్" అని అడిగిన పాపాన పోలేదు. అడిగితేగాని చెప్పనని కూర్చుంటే నేను మొదటి రోజే మూగవాణ్ణయ్యేవాణ్ణి. రిటైరయ్యాక ఈ కాలమ్ మొదలుపెట్టాను. దీన్నీ ఎవరూ అడగలేదు. నేను పంపుతుంటాను, ఎడిటరు వేస్తుంటాడు, మేమిద్దరం ఆ విషయం ఎప్పుడూ చర్చించుకోలేదు.

కుమ్మరించడంలో అసలు సుఖం ఇంకొకటుంది. మీరు నా ఆత్మీయులు కనుక చెబుతున్నాను. ఆగకుండా మాట్లాడేవాడికి వినే పని ఉండదు! నాకు రెండేళ్ళుగా చెవులు మందగించాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తాను. అటు తిరిగి మాట్లాడితే ఒక్క ముక్క అందదు. ఈ రహస్యం నేను ఇంట్లో పొక్కనివ్వలేదు. తెలిస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. చెవిలో ఒక బుడిపె దూరుస్తారు. ఆ రోజు నుంచీ నాతో అందరూ పసిపిల్లాడితో మాట్లాడినట్టు సాగదీసి, అరిచి మాట్లాడతారు. పెళ్ళిళ్ళలో ఒక మూల మెత్తటి కుర్చీ వేసి కూర్చోబెట్టి మరిచిపోతారు. అందుకని ఎదుటివాడు నోరు తెరిచే అవకాశం లేకుండా నేనే మాట్లాడుతూ వచ్చాను. ఏమీ వినపడకపోతే, సరే అన్నట్టే లెక్క. ఈ ఒక్క సూత్రం మీద రెండేళ్ళు దర్జాగా బతికాను.

సరిగ్గా ఆ సూత్రం మీదే మా కోడలు దెబ్బకొట్టింది.

మా కోడలు ప్రోగ్రామరు. ఇంటి నుంచే పని చేస్తుంది. గోడవైపు తిరిగిన బల్ల, దాని మీద రెండు స్క్రీన్లు, మాకు కనిపించేది ఆమె వీపు, జడ. ఒక ఆసుపత్రి ల్యాబులో తేలిన రక్తపరీక్షల ఫలితాలను వార్డులో నర్సు ముందుండే స్క్రీనుకు చేరవేయడం ఆమె పని. ల్యాబు మిషన్లు నిమిషానికి మూడు వందల ఫలితాలు కక్కుతాయి. వార్డు స్క్రీను ఒక్క విడతలో ఇరవైకి మించి మింగలేదు. మిగతావి మధ్యలో పోగుపడతాయి. పోగు పెరిగి పెరిగి ఎక్కడో ఒకచోట పొర్లిపోతుంది, లేదా మొత్తం కుప్పకూలుతుంది.

"దానికి మేమొక పద్ధతి పెట్టాం మామయ్యా," అంది ఒకరోజు కాఫీ తాగుతూ. "పుచ్చుకునేవాళ్ళు ముందు అడగాలి, ఇరవై పంపు అని. పంపేది ఆ ఇరవై రాసి ఆగాలి. మళ్ళీ అడిగేదాకా ఒక్కటి కూడా రాయకూడదు."

"మరి అందాకా అది ఏం చేస్తుంది? గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుందా?"

కూర్చోదట. వేరే పనులు చూసుకుంటుందట. అవతల ఖాళీ అవగానే కబురొస్తుందట, అప్పుడొచ్చి మళ్ళీ అందుకుంటుందట. పంపేదాన్ని వాళ్ళ భాషలో రైటర్ అంటారని కూడా చెప్పింది. అడిగితేగాని రాయని రైటరు! నా ఒళ్ళు జలదరించింది. ఈ లెక్కన దేశంలో కాలమిస్టులు ఎంతమంది మిగులుతారు? సభల్లో అధ్యక్షోపన్యాసాలు ఏమైపోతాయి? "రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను" అని గంటన్నర నిలబడే వక్తల కుటుంబాలు ఏమైపోవాలి?

అంతటితో ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆమె ఆసుపత్రివాళ్ళతో ఫోనులో ఉండగా నేను వెనక నిలబడి పురాతన నగరాల్లో మురుగుకాలవల నిర్మాణం గురించి ముప్పావుగంట ప్రసంగించాను. ఆమె ఆపమందట. నాకేం వినపడలేదు కనుక సరే అన్నట్టే తీసుకున్నాను. ఆ సాయంత్రమే ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. ఆమె పనిలో ఉన్నప్పుడు గుమ్మంలో నిలబడాలి. ఆమెకు తెరిపి దొరికినప్పుడు ఒక అంకె చెబుతుంది. రెండు అంటే రెండు సంగతులు చెప్పి వెళ్ళాలి, ఒకటి అంటే ఒకటి. ఏమీ అనకపోతే ఆగాలి.

మా అబ్బాయి అమాయకంగా తలూపాడు. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం కాళ్ళకింద నేల కదిలింది. వీపు తిప్పి కూర్చున్న మనిషి మెల్లగా చెప్పే అంకె నేనెలా వినేది? చట్టం ఒప్పుకుంటే బండారం బయటపడుతుంది. ఒప్పుకోకపోతే మొండివాణ్ణవుతాను. బాగా ఆలోచించి మొండివాడిగానే స్థిరపడ్డాను.

గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఆమె జడ కదిలితే ఏదో అంకె చెప్పిందని అర్థం చేసుకునేవాణ్ణి. ఏ అంకె అని? తక్కువ అనుకుంటే చరిత్రకు అవమానం కనుక ఏడు అనుకునేవాణ్ణి. జడ కదలకపోయినా లోలోపల ఒప్పుకుందని భావించి మొదలుపెట్టేవాణ్ణి. వారం తిరిగేసరికి ఆమె నన్ను చూసే చూపు మారింది. ఒకరోజు ల్యాప్‌టాప్ ఎత్తుకుని వాళ్ళ పడగ్గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుంది. ఉన్న ఒక్క శ్రోత! ఆ తలుపు ముందు కాసేపు నిలబడి వచ్చేశాను. మీ దగ్గర దాపరికమెందుకు, బాధేసింది.

ఆ వారమే ఆసుపత్రిలోనూ గొడవయింది. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఫలితాలు వరదలా వచ్చి వార్డు స్క్రీను మీద పడ్డాయి. తక్షణం చూడాల్సిన ఒక రోగి ఫలితం ఎక్కడో నలభయ్యో పేజీలో మునిగిపోయింది. నర్సమ్మ అనుమానమొచ్చి ల్యాబుకు ఫోన్ చెయ్యబట్టి సరిపోయింది, ఆ రోగి క్షేమం. ఆఫీసులో అందరూ పంపే ప్రోగ్రాము మీద విరుచుకుపడ్డారు. దానికి ఆత్రం ఎక్కువ, చెబితే వినదు, పీకి పారేసి కొత్తది రాయాల్సిందే అన్నారు. ఆ తిట్లు వింటుంటే నాకెందుకో నన్నే అన్నట్టుండేది. భోజనాల బల్ల దగ్గర మా అబ్బాయి నాకెదురుగా కూర్చుని చెప్పాడు కాబట్టి ఇదంతా నాకు అందింది.

మా కోడలు మూడు రోజులు దాన్ని పట్టుకుని కూర్చుంది. నాలుగో రోజు సాయంత్రం తలుపు తెరుచుకుని వచ్చింది. నేను కిటికీ దగ్గర కూర్చుని, వినేవాళ్ళు లేక, మొక్కల తొట్టికి ఒక సామ్రాజ్య పతనం వివరిస్తున్నాను. ఆమె స్టూలు తెచ్చుకుని నాకు సరిగ్గా ఎదురుగా వేసుకుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"దొరికింది మామయ్యా," అంది. "దాని తప్పేం లేదు. స్క్రీను ఆగమని చెబుతూనే ఉంది. ఆ కబురు దీని దాకా రావడం లేదు. ఐదు సెకన్లు ఏ కబురూ రాకపోతే సరే అన్నట్టు లెక్కవేసుకొమ్మని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. పాపం అది అలాగే చేసింది."

నేను వెంటనే వేరే టాపిక్ ఎత్తుకోవాలనుకున్నాను, నా పొదిలో ఎప్పుడూ పది సిద్ధంగా ఉంటాయి. ఆమె చూపుడువేలు నా కళ్ళముందు నిలబెట్టింది.

"ఒకటి," అంది. "ఒక్కటే చెప్పండి. నేను వింటాను."

చెప్పి, నిజంగానే ఊరుకుంది. చేతిలో ఫోను లేదు. స్క్రీను వంక చూడటం లేదు. అరవై ఏడేళ్ళ నా జీవితంలో ఒక మనిషి స్టూలు వేసుకుని కూర్చుని, నువ్వు చెప్పు, నేను వింటాను అనడం అదే మొదలు! ఏం చెప్పాలి? నీళ్ళ పంపు గురించా? నా కొత్త కాలమ్ గురించా? కూలిపోతున్న సామ్రాజ్యం గురించా? ఏడు చెప్పమంటే ఏడూ చెప్పేవాణ్ణి. ఒక్కటే అనేసరికి ఒక్కొక్కటే పక్కకు జరిగి, అన్నిటికీ అడుగున ఉన్నది పైకి వచ్చింది.

"వినపడటం లేదమ్మా," అన్నాను. "రెండేళ్ళయింది."

ఆమె ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి పట్టుకుని, "డాక్టరు దగ్గరికి వెళదాం మామయ్యా," అంది. ఆ తరవాత నేను భయపడ్డవన్నీ వరసగా జరిగాయి. వినికిడి పరీక్ష గదిలో పెట్టి తలుపేశారు. శబ్దం వినిపించినప్పుడు మీట నొక్కాలి, అంతే, మాట్లాడకూడదు అన్నారు. అక్కడ పావుగంట సేపు నోరు మూసుకుని కూర్చున్నానని చెబితే మా అబ్బాయి ఈ రోజుకీ నమ్మడం లేదు. చెవి మిషను పెట్టారు. అయితే సాగదీసి ఎవరూ మాట్లాడలేదు, మూల కుర్చీ ఇంకా రాలేదు.

ఇంటికొచ్చి లోపలికి నడిచాను. ఎంత రొద! ఫ్రిజ్జు మూలుగుతోంది, గోడగడియారం కొట్టుకుంటోంది, నా చెప్పులు కూడా ఏదో అంటున్నాయి. వంటింట్లో మా ఆవిడ అటు తిరిగి కూర తరుగుతోంది. ఆమె ఇలా నోట్లో నోట్లో ఏదో అనుకోవడం రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. పాట అనుకునేవాణ్ణి.

పాట కాదు.

"వచ్చారా? డాక్టరేమన్నాడు?" అంది, వెనక్కి తిరక్కుండానే. జవాబు కోసం ఆగలేదు. ఆగడం ఎప్పుడో మానేసిన మనిషి గొంతు అది. మెల్లగా తనలో తను అనుకుంటున్నట్టు, "మొన్న ఆ రాణి సంగతి సగంలో వదిలేసి ఇంకెందులోకో వెళ్ళిపోయారు. కోట చుట్టుముట్టారన్నారు. బయటపడిందో లేదో," అంటూ కుళాయి తిప్పింది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నన్నెవరూ అడగరని కదూ ఇంతసేపూ మీ ముందు ఏకరువు పెట్టాను? అడగనివాళ్ళకు కుమ్మరించడం గొప్ప గుణమని కదూ వాదించాను? ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది. అడిగింది వినకుండా, అడగనివన్నీ తెచ్చి ఆవిడ నెత్తిన పోసింది నేను. నా అంత గొప్పవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ, ప్రతి వేదిక మీదా, ప్రతి ఫోను గ్రూపులోనూ ఉన్నారు. ఒకసారి వరసగా నిలబెట్టి అందరికీ చెవులు పరీక్ష చేయిస్తే దేశం ఎంత నిశ్శబ్దమవుతుందో!

"బయటపడింది," అన్నాను. "వెనక ద్వారం గుండా."

అంతే చెప్పి ఆగాను. నా ముప్పై రెండేళ్ళ సర్వీసులో అంత కష్టమైన పని చెయ్యలేదు. మా ఆవిడ చప్పున వెనక్కి తిరిగింది. నా మొహంకేసి, చెవికేసి మార్చి మార్చి చూసింది. కుళాయి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తరవాత?" అంది.