లక్ష్య పత్రం పెన్సిల్‌తోనే నింపవలెను

పిల్లల భవిష్యత్తు తేల్చడానికి ముప్ఫై ఆరు పేజీల ఫారం చాలదు. డెబ్బై రెండు పేజీలు ఉండాలి!

నవ్వకండి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. మా అమ్మాయి చదివే స్కూల్లో ఈ ఏడాది ‘లక్ష్య పత్రం’ అని ఒకటి మొదలుపెట్టారు. పిల్లలు తమ విలువలేమిటో, ఆసక్తులేమిటో అందులో రాయాలి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అది అరనిమిషం గుర్రుమని, ఈ పిల్ల జీవితంలో ఏమవ్వాలో ఒక కాగితం మీద అచ్చేసి చేతిలో పెడుతుంది. దీన్ని కూడా తలనొప్పి అనే తల్లిదండ్రులున్నారు. వాళ్లకి కృతజ్ఞత లేదు.

మా రోజుల్లో ఏముంది? నీ విలువలేమిటి నాయనా అని నన్నెవరైనా అడిగారా? నీటి మీటర్ల ఫిర్యాదుల విభాగంలో ఒక కుర్చీ ఖాళీ అయింది. అప్పటికి నేను కూడా ఖాళీగానే ఉన్నాను. వెళ్లి కూర్చున్నాను. ఇరవై రెండేళ్లయింది. ఊళ్లో ఎవరి మీటరు వెనక్కి తిరిగినా ఈ రోజుకీ ముందు నా ముఖమే చూడాలి. అదే ఆ రోజుల్లో నాకొక ఫారం ఇచ్చి ఉంటే? ఇదే కుర్చీలో కూర్చునేవాణ్ణేమో. కానీ పూర్తి అవగాహనతో కూర్చునేవాణ్ణి!

ఇక ఆ ఫారం గొప్పతనం వినండి. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఒక నియమం ఉంది: ‘పెన్సిల్‌తోనే నింపవలెను.’ కారణం దాని కిందే ఉంది: ‘విద్యార్థి విలువలు మారే అవకాశం ఉన్నందున.’

ఎంత ముందుచూపు! పెన్నుతో రాస్తే పిల్ల రాసిందే మిగిలిపోతుంది. పెన్సిలయితే ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఒక అవకాశం ఉంటుంది.

మా అమ్మాయికి పదహారేళ్లు. ముప్ఫై ఆరు పేజీలూ పావుగంటలో నింపేసింది. జీవితాన్ని పావుగంటలో! అనుమానం వచ్చి తెరిచి చూశాను. ఏడో ప్రశ్న: ‘ఏ పని చేస్తున్నప్పుడు మీకు టైమ్ తెలియదు?’ జవాబు: ‘లిఫ్ట్ మెకానిక్ అన్న మా బిల్డింగ్‌కి వచ్చినప్పుడు. మోటారు గదిలో టార్చ్ పట్టుకుంటాను.’ పదకొండో ప్రశ్న: ‘మీరు మెచ్చుకునే వ్యక్తి?’ జవాబు: ‘లిఫ్ట్ మెకానిక్ అన్న. ఏది పాడైందో వెతికేముందు ఏవేవి బాగున్నాయో చూసుకుంటాడు.’

మేముండేది ఐదో అంతస్తులో. మా లిఫ్ట్ ఇనప జాలీ తలుపులున్న పాతకాలపుది. వారానికోసారి అలుగుతుంది. అది అలిగినప్పుడల్లా ఈ పిల్ల టార్చ్ పుచ్చుకుని డాబా మీద మోటారు గదికి పరిగెడుతుందని తెలుసు. కానీ అది ఆసక్తి అవుతుందని మాకెలా తెలుస్తుంది? మేం దాన్ని చెడ్డ అలవాటనుకున్నాం.

వెంటనే రబ్బరు తీశాను. తీరా చూస్తే, తర్వాతి ప్రశ్నలున్న ఏడో పేజీ అప్పటికే నలిగి ఉంది. నాకంటే ముందు ఎవరో చెరిపి రాశారు!

తర్వాత తేలిన విషయం ఇది. మొదట చెరిపింది నా భార్య. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ‘ఎలాంటి చోట పనిచేయాలనుకుంటున్నారు?’ అన్న దగ్గర ‘ఎవరూ నోరు తెరవని చోట’ అని రాసింది. రెండో చెయ్యి మా అమ్మది. ‘మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వీలుండాలి. మెట్లు ఉండకూడదు.’ మూడోది నాది. ‘పై అధికారి ఉండకూడదు. ఫైళ్లు ఉండకూడదు. ఎవరూ వచ్చి ఫిర్యాదు చేయకూడదు.’ ఎవరికి వారం రహస్యంగానే రాశాం. పిల్ల మంచికే రాశాం.

సోమవారం పొద్దున ఫారం బ్యాగులో పెట్టుకుంటూ మా అమ్మాయి ఒక్క మాటే అంది.

“నాన్నా, ఏడో పేజీలోంచి ఎనిమిదో పేజీ కనిపిస్తోంది.”

“మంచి కాగితం వాడాల్సింది” అన్నాను.

మర్నాడు స్కూల్లో గైడెన్స్ మేడమ్ మమ్మల్ని పిలిపించింది. వెళ్లాం. నేను, నా భార్య, మా అమ్మాయి. కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని మేడమ్ మా ముందుకి తోసింది.

‘అనువైన లక్ష్యం: పదవీ విరమణ. అనుకూలత: తొంభై ఆరు శాతం.’

“మిగతా నాలుగు శాతం ఏం తగ్గిందండీ?” అంది నా భార్య. ఆవిడకి మార్కుల విషయంలో రాజీ లేదు.

“అమ్మా, మీ అమ్మాయికి పదహారేళ్లు.”

“అంటే ఇంకా నలభై నాలుగేళ్లు ఆగాలన్నమాట” అన్నాను.

మేడమ్ కళ్లజోడు తీసి కాసేపు కళ్లు నలుపుకుంది. తర్వాత సొరుగులోంచి కొత్త ఫారం తీసింది.

“ఇది ఆఖరిది. శుక్రవారం నాలుగింటికల్లా నా టేబుల్ మీద ఉండాలి. ఉంటే ఆ పిల్ల కోరిన కోర్సు చూస్తాం. లేకపోతే మిగిలిపోయిన కోర్సే. ఈ ఏడాది మిగిలేలా ఉన్నది ఒక్కటే.”

“ఏమిటండీ అది?”

“ఫైళ్ల నిర్వహణ. రెండేళ్లు.”

మా అమ్మాయి తలతిప్పి నా వైపు చూసింది. మీటరు వెనక్కి తిరిగినవాళ్లు కౌంటరు దగ్గర నన్ను చూసే చూపు అది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇక్కడే ఫారం చేసిన మేలు గమనించాలి. మా ఇంట్లో నలుగురం ఒక టేబుల్ చుట్టూ కూర్చుని ఎన్నాళ్లయిందో! మంగళ, బుధ, గురువారాలు వరసగా కూర్చున్నాం. ఈసారి ఎవరూ దొంగతనంగా రాయకూడదు, అందరం ఒప్పుకున్నదే రాయాలి అని తీర్మానం చేసుకున్నాం. మొదటి ప్రశ్న: ‘మీకు అన్నిటికంటే ముఖ్యమైన విలువ ఏది?’ నేను క్రమశిక్షణ అన్నాను. నా భార్య ప్రశాంతత అని అరిచింది. మా అమ్మ ఆరోగ్యం అంది. మా అమ్మాయి ఏదో అనబోయింది.

“నువ్వుండవే, నీ గురించే కదా మాట్లాడుతున్నాం!” అంది నా భార్య.

మూడు రోజులు గడిచాయి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కూడా ఫారం తెల్లగా మెరిసిపోతోంది. నేనూ నా భార్యా సెలవు పెట్టి మరీ కూర్చున్నాం. స్కూలు పది నిమిషాల నడక. ముగ్గురం వెంట వెళ్లి, మేడమ్ టేబుల్ మీదే చెప్పి రాయించేద్దాం అని నిర్ణయించాను. ఫారం మా అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ చేతిలో ఉంటే ఎవరూ లాక్కోలేరు.

“మీరు లిఫ్ట్‌లో దిగండి. నేను మెట్ల మీద వస్తా” అంది మా అమ్మాయి.

లిఫ్ట్‌లో ఆ రోజు ఒక స్టూలు ఉంది. పక్కన నీళ్ల సీసా కూడా ఉంది. మా అమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

“ఈ బిల్డింగ్ వాళ్లకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందిరా” అంది.

సరిగ్గా మూడూ పది. నాలుగో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్ట్ ఆగిపోయింది!

లైటు వెలుగుతోంది. ఫ్యాన్ తిరుగుతోంది. లిఫ్ట్ మాత్రం కదలదు. జాలీలోంచి చూస్తే నాలుగో అంతస్తు గచ్చు మా కళ్ల ఎత్తున ఉంది. కాసేపటికి ఆ గచ్చు మీదికి రెండు బూట్లు వచ్చి నిలబడ్డాయి. మా అమ్మాయివే. ఆయాసపడుతోంది. మెట్లు దిగేవాళ్లకి అంత ఆయాసం ఎందుకొస్తుందో అప్పుడు నాకు తట్టలేదు.

“ఆగిపోయిందా నాన్నా?”

“కనిపించట్లా? మీ మెకానిక్ అన్నకి ఫోన్ చెయ్యి!”

“చేశా. నలభై నిమిషాల్లో వస్తాట్ట.”

“ఎప్పుడు చేశావే?” అంది నా భార్య.

“టైమ్ అయిపోతోందమ్మా! నానమ్మా, ఫారం ఇలా సందులోంచి ఇయ్యి. నేను పట్టుకెళ్లి ఇచ్చేస్తా.”

మా అమ్మ నా ముఖం కూడా చూడలేదు. లేచి ఫారం గుండ్రంగా చుట్టి జాలీలోంచి పైకి తోసేసింది.

“అయ్యో, ఏమీ రాయలేదత్తయ్యా!” నా భార్య బ్యాగంతా వెతికింది. “పెన్సిలేదీ?”

“నా దగ్గరుందమ్మా. రబ్బరు కూడా.”

“అయితే అక్కడే కూర్చో. మేం చెప్తాం, రాసుకో” అన్నాను. “మొదటి ప్రశ్న. విలువ అన్న చోట క్రమశిక్షణ...”

“వినిపించట్లేదు నాన్నా!”

“క్ర-మ-శి-క్ష-ణ!”

“అస్సలు వినిపించట్లేదు!”

మూడడుగుల దూరం. బిల్డింగ్ అంతా తలుపులు తెరిచి చూస్తోంది. పిల్లకి మాత్రం వినిపించట్లేదు.

“జాగ్రత్తగా వెళ్లు బుజ్జీ” అంది మా అమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు.

“సరే నానమ్మా!” అని రెండంతస్తుల కిందనుంచి జవాబొచ్చింది.

ఇక మిగిలింది మేం ముగ్గురం. ఫారం లేదు. పెన్సిల్ లేదు. చెరపడానికి పిల్ల కూడా లేదు. ఐదు నిమిషాలు ఒకరి తప్పులు ఒకరం చెప్పుకున్నాం. అవి అయిపోయాక ఏం చేయాలో తోచలేదు. మూడు రోజులుగా నలిగిన ప్రశ్నలు కదా, నోటికొచ్చేశాయి. నా భార్య ఊరికే అడిగింది.

“అత్తయ్యా, ఏం చేస్తున్నప్పుడు మీకు టైమ్ తెలిసేది కాదు?”

“బస్సులో ముందు సీట్లో కూర్చుంటే” అంది మా అమ్మ వెంటనే. “డ్రైవరు చేతులే చూస్తూ ఉండేదాన్ని. దిగాల్సిన చోటు రెండుసార్లు దాటిపోయింది కూడా. నాకు బస్సు నడపాలని ఉండేది. చిన్నది కాదు, పెద్దది.”

యాభై ఏళ్లుగా ఆవిడ నాకు అమ్మ. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

నా భార్యకి మ్యాపులు గీయడం ఇష్టమట. డెంటల్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ పుస్తకం వెనక ఆ వీధి మ్యాపు, చెట్లతో సహా, గీసి ఉందట. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను చాలాసేపు ఆలోచించాను. చివరికి నీళ్ల సీసా మూత తీసి నీళ్లు తాగాను.

మూడూ యాభైకి మెకానిక్ వచ్చాడు. నేరుగా పైకి వెళ్లాడు. రెండు నిమిషాల్లో లిఫ్ట్ బుద్ధిగా కిందికి దిగింది.

“ఏం పాడైంది?” అన్నాను.

“ఏం పాడవలేదు సార్. పైన స్విచ్ ఆపేసి ఉంది. దాని మీద ఇది అంటించి ఉంది.”

నోట్‌బుక్ కాగితం. పెన్సిల్ రాత. ‘లోపల మనుషులున్నారు. అన్న వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు.’

“ఏ స్విచ్ ఆపినా ముందు కాగితం పెట్టాలని నేనే నేర్పించా సార్” అన్నాడతను. “పాపకి పని వచ్చు సార్. ఒక్కసారి చెప్తే చాలు. ఇలాంటిది మాత్రం మళ్లీ చెయ్యొద్దని నేనే చెప్తాలెండి.”

ముగ్గురం స్కూలుకి పరిగెత్తాం. అంటే, మా అమ్మ ముందు, మేం వెనక. నాలుగూ ఐదయింది. ఫారం మేడమ్ టేబుల్ మీద ఉంది. మా అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని గోళ్లు చూసుకుంటోంది. మేడమ్ ఇరవై మూడో ప్రశ్న దగ్గర వేలు పెట్టి, ఫారం నా వైపు తిప్పింది.

‘మీరు సొంతంగా పరిష్కరించిన ఒక సమస్యను వివరించండి.’

‘ఈ రోజే. మూడూ పదికి. మా ఇంట్లో ముగ్గురిని లిఫ్ట్‌లో ఉంచాను. అందులో లైటుకీ ఫ్యాన్‌కీ వేరే లైను ఉంది, ముందే చూసుకున్నాను. నానమ్మకి స్టూలు పెట్టాను. అన్నకి ముందే ఫోన్ చేశాను, కానీ ఆగిపోయిందని మాత్రమే చెప్పాను. ఇంటికెళ్లాక తిట్లు తింటాను. ఇంకో దారి దొరకలేదు.’

“కంప్యూటర్‌కి ఎక్కించలేదా?” అని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కదా.

“అక్కర్లేదండీ. చదివాను” అంది మేడమ్. యంత్రాల కోర్సు జాబితా దగ్గరికి లాక్కుని మా అమ్మాయి పేరు రాసింది. పెన్నుతో!

కాబట్టి ఘంటాపథంగా చెప్తున్నాను: ఈ ఫారం ఒక వరం. దీన్ని ప్రతి స్కూల్లోనూ పెట్టాలి. నాదొక్కటే చిన్న సవరణ. ఫారం నింపే రోజున తల్లిదండ్రులను ఏదైనా రెండు అంతస్తుల మధ్య నలభై నిమిషాలు ఉంచే ఏర్పాటు స్కూలే చేయాలి. గాలి, వెలుతురు, తాగడానికి నీళ్లు, పెద్దవాళ్లకి స్టూలు. పెన్సిల్, రబ్బరు మాత్రం లోపలికి అనుమతించకూడదు.

తిట్లా? తిట్టాను. గట్టిగానే తిట్టాను. నడిచి వచ్చే దారి పొడవునా తిట్టాను. మా అమ్మాయి తల వంచుకుని అంతా వింది. ఈసారి బాగానే వినిపించింది.

వచ్చేముందు మేడమ్‌ని అడిగి రెండు ఖాళీ ఫారాలు తెచ్చాను. ఒకటి నాకు, ఒకటి మా అమ్మకి. నా భార్య తనకి ఫారం వద్దంది, పెద్ద తెల్ల కాగితం చాలంది. పెన్సిల్ చెక్కుకుని కూర్చుని నాకు ఇది ఆరో రోజు. ఏడో ప్రశ్న దగ్గరే ఉన్నాను.

మా అమ్మ మొదటి రోజే పెన్ను అడిగి తీసుకుంది.