బుగ్గలొచ్చినంక గోలీలు

గోదావరి వరద చర్చి మూడో మెట్టుదాకా ఎక్కిన ఏడు, లక్సెట్టిపేట చుట్టుపక్కల ఏ పసిబిడ్డ ఒంట్లోనూ జింకు తక్కువ కారాదని పై ఆఫీసు తీర్మానించింది. అంతకన్నా ముఖ్యంగా, ఒకరి మందు గోలీ ఇంకొకరి కడుపులోకి పోరాదని తీర్మానించింది. అందుకోసం ఒక యాప్ వచ్చింది. (గోలీలు తర్వాత వచ్చాయి.) పిల్ల ముఖం అందులోని ఫోటోతో కలిస్తేనే గోలీలు.

ఏలియా మనుమరాలు ఏంజెల్‌కు రెండేళ్లు. ఆ వానకాలంలో మూడోసారి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు ఓఆర్ఎస్ పొడి, జింకు గోలీలు రాశాడు. "మోషన్లు ఆగినా సరే, పద్నాలుగు రోజులు ఎయ్యాలె. పేగు మానాలె, ఆకలి పుట్టాలె. లేకుంటే మళ్ల వస్తది," అన్నాడు. మందుల దుకాణంలో ఉన్నవన్నీ వరదకు నానిపోయాయి. ఏలియా పిల్లను ఎత్తుకొని అంగన్‌వాడీకి పోయాడు.

అక్కడి టీచర్ మమతారాణి ఫోన్‌ను పిల్ల ముఖానికి నాలుగుసార్లు పట్టింది.

"కలుస్తలేదు తాతా."

"ఎట్ల కలుస్తది బిడ్డా? గా ఫోటుల బుగ్గలున్నయ్. గిప్పుడు యాడున్నయ్?"

"గందుకే, జర బుగ్గలొచ్చినంక తీస్కరా. అప్పుడిస్త."

"బుగ్గలొచ్చినంక గోలీలేం జేసుకోవాలె?"

యాప్‌లో ఆ ప్రశ్నకు గడి లేదు.

"నన్నెందుకు అట్ల సూస్తవ్? నేను గుర్తు వట్టనా? గీ ఫోను వట్టాలె," అంది మమతారాణి. (ఏంజెల్‌ను పుట్టిన నెల నుంచి తూకం వేస్తున్నది ఆమే. ఆ గుర్తింపు చెల్లదు.)

నిరుడు వరి ఆకు తుప్పు రంగుకు తిరిగినప్పుడు ఏలియా ఒక ఆకు తెంపుకొని ఎరువుల దుకాణానికి పోయాడు. దుకాణపు లింగారావు ఆకు చూసి, జింకు సంచి తెచ్చి భుజానికెత్తాడు. పొలం పాత ఫోటో అడగలేదు. (వరి ఇంకా యాప్‌లోకి ఎక్కలేదు.)

చివరికి ముఖాల పర్యవేక్షణాధికారి ప్రమోదిని ఫోన్‌లో కరుణించింది. కొత్త ఫోటో దింపి యాప్‌లో పెట్టవచ్చు. పీక్కుపోయిన ముఖం మొదటిసారికే కలిసింది. యాప్ పచ్చగా వెలిగి అభినందనలు తెలిపింది. పట్టీకి పది గోలీలు. పట్టీని కత్తిరించరాదు. మిగిలిన నాలుగు పదో రోజున, మళ్లీ ముఖం కలిస్తే.

"గప్పటికి పిల్ల మంచిగైతది గద మేడం. మొఖం నిండుతది," అన్నాడు ఏలియా ఫోన్‌లో.

"నిండితే కలవదు పెద్దాయనా. గా పది రోజులు జర ఇట్లనే ఉంచుండ్రి."

మర్నాడు పొద్దున ఏలియా చెంచాడు నీళ్లలో రెండో గోలీ కరిగించి తాగించాడు. వారం రోజులుగా తిండి అడగని ఏంజెల్ అప్పుడు గిన్నె చాపి, "తాతా, గంజి," అంది.

ఏలియా పిల్ల బుగ్గల వంక ఒకసారి చూసి, సగం గంటె మాత్రమే పోశాడు.