బుల్లబ్బాయి గారి బరువుకు సంఘం పూచీ

భీమవరం దాపున ఒక ఊళ్ళో రొయ్యల రైతుల సంఘం అత్యవసరంగా సమావేశమై, సభ్యుడు బుల్లబ్బాయి గారు ఇకపై చిక్కిపోరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

బుల్లబ్బాయికి పేగు క్యాన్సర్. డెబ్బై కిలోల మనిషి నాలుగు నెలల్లో యాభై ఒకటికి దిగిపోయాడు. "గుడ్డు, పెరుగన్నం, ఏది తినగలిగితే అది పెట్టండమ్మా. యాభై దాటి కిందికొస్తే మందు ఎక్కించలేం" అని డాక్టరు అతని భార్య సూర్యకళకు మరీ మరీ చెప్పాడు. అయితే డాక్టరు ఒక్కడు, సంఘ సభ్యులు నలభై మంది.

పైగా ప్రెసిడెంటు బంగార్రాజు గారు పేపరు చదివే మనిషి. క్యాబేజీలోని ఏదో పదార్థం ఇస్తే క్యాన్సరున్న ఎలుకలు చిక్కిపోలేదట. ఎలుకకు పనిచేసింది రైతుకు పనిచేయదనడం రైతు జాతికే అవమానమని ఆయన సెలవిచ్చారు. రోజుకు నాలుగు పూటలా క్యాబేజీ రసం ఖరారైంది. రొయ్యలు మేత మిగిల్చాయేమోనని చెరువులో వేలాడేసిన ట్రే ఎత్తి చూసినట్టు, పూటపూటా ఒక సభ్యుడు వచ్చి గ్లాసు ఎత్తి చూసేవాడు. ఖాళీ అయితే మోతాదు పెంచాలి. మిగిలితే రోగికి శ్రద్ధ లేదని రాయాలి. జబ్బు పడ్డ చెరువుకు మేత తగ్గించడం ఊరంతా ఎరిగిన శాస్త్రమే కాబట్టి అన్నం ఆపేశారు. ఇంతమంది పెద్దమనుషులు పొరబడతారా అని సూర్యకళ ఊరుకుంది.

ఆదివారం ఐసు ఫ్యాక్టరీ కాటా మీద తూచారు. నలభై తొమ్మిదిన్నర.

"చెడ్డ నీరు పోయిందండి, శుభం!" అన్నారు బంగార్రాజు గారు.

ఇంటికొచ్చాక బుల్లబ్బాయి, "కళా, కాస్త అన్నం పెట్టవే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సూర్యకళకు ఒళ్ళు మండింది. నాటి నుంచి రసం గేదె కుడితిలోకీ, గుడ్డూ మీగడ పెరుగన్నమూ మొగుడి నోట్లోకీ వెళ్ళాయి. నెలకు యాభై రెండు తూగాడు. డాక్టరు మందు ఎక్కించాడు.

సంఘం వెంటనే షామియానా వేసి క్యాబేజీకి విజయోత్సవం చేసింది. సూర్యకళ మైకు అందుకుంది.

"రసం గేదె తాగిందండి. ఈయన అన్నం తిన్నారండి. అంతేనండి."

సభ ఒక్క క్షణం బిత్తరపోయింది. బంగార్రాజు గారు బిత్తరపోలేదు.

"విన్నారా! రసం ఇంట్లో ఉంటేనే రెండున్నర కిలోలు పెరిగారు. అదే తాగుంటే?"

చప్పట్లు మారుమోగాయి. మర్నాటి నుంచే చివరి వీధిలో అదే జబ్బుతో ఉన్న పాపాయమ్మకు రసం మొదలైంది.

నెల తిరిగేసరికి బంగార్రాజు గారి తల్లికి క్యాన్సరని తేలింది. ఆయన పెరటి గుమ్మంలోంచి సూర్యకళ దగ్గరికి వచ్చారు.

"అమ్మా, గుడ్డు ఎలా పెట్టేదానివి? ఉడికించా, అట్టు వేసా?"

సూర్యకళ అంతా ఓపిగ్గా చెప్పింది. చెప్పాక అడిగింది.

"మరి పాపాయమ్మ గారికి కూడా ఆ రసం మాన్పించి అన్నం పెట్టించండి బాబాయి గారూ. మనిషి ఎముకలగూడైపోయారు."

"అదెలా కుదురుతుందమ్మా?" అన్నారాయన నొచ్చుకుంటూ. "ఆవిడంటే ప్రజలు. ఈవిడ మా అమ్మ కదా!"