పెద్దమ్మ దివ్యంగా ఉంది

మా దేశంలో జబ్బు పడడం ఉచితం. ముసలితనం మాత్రం ఎవరి ఖర్చు వారిదే. ఈ రెండింటినీ కలగాపులగం చేసి సర్కారు సొమ్ముతో మంచమెక్కే జనాన్ని పట్టుకోవడానికి మా యార్క్‌షైర్ పట్నంలో ఓ ఆఫీసే ఉంది. దాని పేరు వ్యాధి వార్ధక్య విచక్షణ విభాగం. (భోజన విరామం రెండు గంటలు. విచక్షణ ఒళ్లు హూనం చేసే పని.)

మా పెద్దమ్మ మేవిస్ కరెంటు కెటిల్‌ని గ్యాస్ పొయ్యి మీద పెట్టి వెలిగించింది. దాంతో డాక్టరు ఆవిణ్ణి వృద్ధుల హోముకు పంపించాడు. అక్కడి వారం ఫీజు వింటే మతి ఉన్నవాడికీ పోతుంది. ఆవిడది జబ్బని తేలితే సర్కారు కడుతుంది. ముసలితనమని తేలితే ఆవిడ ఇల్లు అమ్మాలి. ఆ ఇంట్లో ఉంటున్నది కూతురు లొరైన్ అక్క. తల్లిని చూసుకోవడానికి బ్యాంకు ఉద్యోగం వదిలేసిన పిచ్చిది. ఇంట్లో ఉండే బిడ్డకి అరవై నిండితే ఇల్లు ముట్టుకోరాదని రూలు. అక్కకి యాభై ఎనిమిది. ఆలస్యంగా పుట్టడం ఆమె స్వయంకృతమని విభాగం అభిప్రాయం.

విభాగం వాళ్లు హోముకొచ్చి పెద్దమ్మని పరీక్షించే రోజు అక్క బతిమాలింది. "అమ్మా, ఇవాళొక్కరోజు బావున్నానని అనకు."

"పరాయివాళ్ల ముందు ఏడుపేంటి, తప్పు కాదూ?" అంది పెద్దమ్మ. మావైపు కాలు విరిగినవాడు కూడా 'పర్లేదు, నడుస్తోంది' అనే అంటాడు.

అధికారిణి మిస్ పెండిల్‌బరీ వచ్చేసరికి పెద్దమ్మ ముత్యాల దండ వేసుకుని కూర్చుంది.

"ఎలా ఉన్నారండీ మేవిస్ గారూ?"

"నాకేం తల్లీ, దివ్యంగా ఉన్నాను. నువ్వే చిక్కిపోయావు. టీ తాగుతావా?"

'ఆతిథ్య శక్తి: సంపూర్ణం' అని రాసుకుంది పెండిల్‌బరీ. తర్వాత లొరైన్‌ని చూపించి, "ఈవిడెవరో చెప్పగలరా?" అంది.

పెద్దమ్మ అక్క మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏమీ లేదు. ఆమె అధికారిణి వైపు తిరిగి నవ్వింది.

"అదేంటమ్మా, ఎదురుగానే ఉందిగా. ఆవిణ్ణే అడుగు, సిగ్గెందుకు?"

'హాస్యస్ఫూర్తి: చెక్కుచెదరలేదు.'

"మేడమ్, అమ్మ నన్ను గుర్తుపట్టలేదు," అంది అక్క.

"గుర్తుపట్టకపోయినా ఎంత మర్యాదగా పట్టలేదో చూశారా? జబ్బు మనుషులకి అంత మర్యాద ఉండదండీ."

నేనూరుకోలేదు. "మరి కెటిల్ సంగతి?"

"ఇక్కడ పొయ్యి లేదు కదండీ. పొయ్యి లేకపోతే ప్రమాదం లేదు. ప్రమాదం లేకపోతే జబ్బు లేదు."

"అయితే ఇంటికి తీసుకెళ్లిపోమంటారా?"

"అమ్మో, చాలా ప్రమాదం," అంది పెండిల్‌బరీ. ఆవిడ దయగల మనిషే, నిజంగానే కంగారుపడింది.

ముసలితనమని తేలింది. ఇల్లు అమ్మారు. అక్క చేపల వేపుళ్ల కొట్టు మీద అద్దె గదిలోకి మారింది. బతకాలి కదా, ఆ హోములోనే ఆయాగా చేరింది. ఇన్నేళ్లు ఊరికే పోసిన స్నానాలు ఇప్పుడు జీతానికి పోస్తోంది. ఆ జీతం ఇల్లమ్మిన డబ్బులోంచే వస్తుంది. కొత్త ఆయా పెద్దమ్మకి బాగా నచ్చింది. తన కన్నకూతురికి ఇందులో సగం ఓపిక కూడా లేదని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.