రాజుగారి పేరు కొట్టేసేదెవరు?

“ఇక్కడ పేరు రాయండి గారూ! భోజనానికి రండి! ఇక్కడ పేరు రాయండి గారూ! భోజనానికి రండి!”

ఒక పెద్ద అడవిలో, ఏటి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడిన కేక ఇది. కేకేసింది జంతువు కాదు, పక్షీ కాదు. చెట్టుకు కట్టిన మైకు.

కోతులు కొమ్మల మీద నుంచి జారిపడేలా నవ్వాయి. “ఒరే, ఈ ‘ఇక్కడ పేరు రాయండి’ గారెవర్రా? వీధిలోకి కొత్తగా దిగారా?” అంది ఒకటి. “ఎవరైతేనేం, అదృష్టవంతుడు. పొద్దున్నే భోజనం!” అంది ఇంకొకటి.

మైకు కింద ఏదుపంది కంటకమ్మ ముళ్ళన్నీ ముడుచుకుని, తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడి ఉంది. ఆ పిలుపు ఆవిడ పెట్టిందే మరి.

సంగతి చెప్తాను. ఆ అడవిలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఎలా వచ్చాయని అడక్కండి, మన ఊళ్ళలోకి వచ్చినట్టే వచ్చాయి, ఒక పొద్దున లేచి చూస్తే ఉన్నాయి. వచ్చిన వెంటనే అడవి కౌన్సిలు వారు నోటితో పిలుచుకోవడం రద్దు చేశారు. కూతలూ, అరుపులూ, ఈలలూ అన్నీ గోలట. ఎవర్ని పిలవాలన్నా కోడ్ రాయాలి, మైకు పిలుస్తుంది. కోడ్ అంటే ఏం లేదు, కంప్యూటర్‌కి పని పురమాయించే రాత. అది రాసుకునే పలకని ఎడిటర్ అంటారు. కొత్తవాళ్ళు ఖాళీ పలక చూసి బెదిరిపోతారని, తెరవగానే సగం రాసిపెట్టిన అచ్చు ఒకటి కనబడుతుంది. అది టెంప్లేటు. శుభలేఖల ప్రెస్సులో మాటలన్నీ ముందే అచ్చేసి, వధూవరుల పేర్లకి ఖాళీ వదుల్తారు చూడండి, అచ్చం అలాంటిదే.

కంటకమ్మ ఆ ఖాళీలో ఉన్న మాటని కొట్టేసి పేరు రాయలేదు. ఎందుకమ్మా అంటే ఆవిడ అన్న మాట: “కౌన్సిలు వారు రాసింది కదా బాబూ. దాన్ని కొట్టేస్తే కేసవుతుందేమోనని.”

నవ్వకండి. ఆఫీసు కాగితం మీద ‘ఈ గడిలో రాయరాదు’ అని ఉంటే, పక్క గడిలో రాయడానికి కూడా చెయ్యి వణికే జాతి మనది.

ఇంతకీ ఆవిడ తిప్పలన్నీ ఒక మెస్సు కోసం. ఇన్నేళ్ళూ వాళ్ళింటి బారసాలకీ వీళ్ళింటి వ్రతానికీ వండిపెట్టి, పెరట్లో కూర్చుని మిగిలింది తిని వచ్చేది. ఒక్కసారి తన పొయ్యి, తన గరిటె, తన విస్తరి అనుకోవాలని ఆశ. ఏటి ఒడ్డున స్థలం ఇచ్చింది కౌన్సిలు, ఒక షరతు మీద. ఆదివారం మధ్యాహ్నానికి ఒక్క అతిథైనా విస్తరి ముందు కూర్చుని తినాలి. లేకపోతే స్థలం తర్వాతి దరఖాస్తుదారు దుమ్ములగొండికి పోతుంది. దుమ్ములగొండి ఎవరయ్యా అంటే, కౌన్సిలు సెక్రటరీ నక్క వినయశీలం గారి బావమరిది. నక్కకి దుమ్ములగొండి బావమరిది ఎలా అయ్యాడంటారా, ఆ వియ్యం సంగతి ఆ రెండిళ్ళకే ఎరుక.

కంటకమ్మ తిన్నగా కౌన్సిలుకి వెళ్ళింది. పైన ప్రెసిడెంటు ఏనుగు బరువయ్య గారు, పక్కన వినయశీలం, ఆ పక్కన ఒంటికాలి మీద కంప్యూటర్ల నిపుణులు కొంగ ఏకాగ్రం మాస్టారు.

“అయ్యా, నాలాంటి కొత్తవాళ్ళకి ఆ టెంప్లేటు కాస్త బాగుచెయ్యండి. ఎవర్ని పిలవాలో అది నన్ను అడిగితే చాలు, నేను చెప్పుకుంటాను” అంది.

“ఎంత చక్కటి సూచన!” అన్నాడు వినయశీలం, తోకతో కళ్ళు ఒత్తుకుంటూ. “ప్రెసిడెంటు గారూ, కొత్తవాళ్ళ సౌకర్యం కోసం వెంటనే కమిటీ వేద్దాం.”

“కమిటీ ఎందుకండీ, ఒక్క లైనే కదా…”

“ఒక్క లైనుకి ముగ్గురం ఉంటే తప్పు రాదమ్మా” అన్నారు బరువయ్య గారు.

కంటకమ్మని బయట కూర్చోబెట్టి కమిటీ మొదలెట్టారు. ముందు వినయశీలం గొంతు సవరించుకున్నాడు. “‘ఇక్కడ పేరు రాయండి’ అని ఆ మొరటు మాటేమిటండీ? దాని బదులు మృగరాజు గారి పేరు పెడదాం. ఎవరైనా మార్చడం మరిచిపోయినా పిలుపు సింహం గారికే పోతుంది, మర్యాదగా ఉంటుంది. స్నిప్పెట్టు కూడా పెడదాం. ‘పి’ అని ఒక్క అక్షరం కొడితే చాలు, ‘పూజ్యులు మృగరాజు గారిని పిలువు’ అని వాక్యమంతా దిగుతుంది.”

వినయశీలం లెక్క వేరు. రాజుగారి పేరు కొట్టేసే ధైర్యం ఆ అడవిలో ఎవరికీ లేదు. పిలుపు సింహానికి పోతుంది, సంకటీ పులుసూ తినడానికి సింహం రాదు, మిగతావాళ్ళకి పిలుపే అందదు. మెస్సు ఖాళీ. స్థలం బావమరిదికి. పైగా రాజుగారి దగ్గర మెప్పు.

“బాగుంది కానీ, పిలిచింది వినబడకపోతేనో?” అన్నారు ఏకాగ్రం మాస్టారు. “వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పిలిచేటట్టు ఒక లైను నేను కలుపుతాను.”

“రాజుగారు బయల్దేరితే ఊరికే ఎలా వస్తారయ్యా?” అన్నారు బరువయ్య గారు. “దారి పొడుగునా మైకులు ‘మృగరాజు గారు వేంచేస్తున్నారు’ అని చెప్పాలి. అది నా లైను.”

ఆ సాయంత్రం కంటకమ్మ పలక తెరిచింది. ఒకప్పుడు అరచేతిలో పట్టే టెంప్లేటు తాటాకంత పొడుగైంది. ఏకాగ్రం మాస్టారి దగ్గరికి పరిగెత్తింది.

“మాస్టారూ, ఇందులో ఏది కొట్టెయ్యొచ్చు?”

“ఏదీ కొట్టెయ్యకమ్మా. ఏ లైను దేన్ని మోస్తోందో మాకే సరిగ్గా తెలీదు.”

“పోనీ ఈ పేరొక్కటీ…”

వెనకాల వినయశీలం నిలబడి ఉన్నాడు. “రాజుగారి పేరా? కొట్టెయ్యండమ్మా, కొట్టెయ్యండి. ఎవరు కొట్టేశారో నేను రాసుకుంటాను, అంతే.”

కంటకమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడే కాదు, అడవి అంతా తీసుకుంది.

ఇక చూస్కోండి తమాషా.

కుందేళ్ళ ఇంట్లో బారసాల. ‘పి’ కొట్టారు. సింహం గుహ ముందు మైకు మోగింది. కప్పలు పాట కచేరీ పెట్టుకున్నాయి. ‘పి’ కొట్టాయి. మోగింది. గేదెలు బురదస్నానానికి ఒకదాన్నొకటి పిలుచుకుందామనుకున్నాయి. ఒక కోతి పేలు చూడమని పెళ్ళాన్ని పిలిచింది. అన్నీ సింహానికే! అందులోనూ వెళ్ళేదాకా ఆగదాయె, మాస్టారి లైను ఉంది కదా. పాపం సింహం కునుకు పట్టే వేళకి ‘పూజ్యులు మృగరాజు గారూ, పేలు చూడ్డానికి రండి!’

మొదట్లో సింహం మురిసిపోయింది. నా మీద ఇంత ప్రేమా అనుకుంది. కుందేళ్ళ బారసాలకి జూలు దువ్వుకుని మరీ వెళ్ళింది. వెళితే ఏముంది, ఇంట్లో ఎవరూ లేరు. ఉయ్యాల కింద నుంచి ఒక చెవి కనబడింది.

“పిలిచారుగా, వచ్చాను” అంది సింహం.

“మేం పిలవలేదు ప్రభూ” అంది చెవి, వణుకుతూ. “టెంప్లేటు పిలిచింది.”

“మరి పేరు మార్చుకోవచ్చుగా?”

“తమరి పేరు కొట్టెయ్యమని సెలవా ప్రభూ?”

సింహం నోరు తెరిచింది. ఏ రాజైనా నా పేరు కొట్టెయ్యండ్రా అని ఎలా అంటాడు చెప్పండి? “వద్దులే” అని గొణిగి, పక్కనే మోగుతున్న కప్పల కచేరీకి బయల్దేరింది.

నిద్రంటే సరే, అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. సింహం వేటకి ఒక్క అడుగు వేస్తే చాలు, బరువయ్య గారి లైను పుణ్యమా అని దారి పొడుగునా ‘మృగరాజు గారు వేంచేస్తున్నారు! మృగరాజు గారు వేంచేస్తున్నారు!’ ఇది విని నిలబడే జింక ఎక్కడుంటుంది? వారమంతా రాజుగారికి గౌరవం తప్ప ఇంకేమీ దొరకలేదు. గౌరవంతో కడుపు నిండదు కదండీ.

ఆదివారం వచ్చింది. కంటకమ్మ తెల్లారకుండానే పొయ్యి వెలిగించింది. పనసపొట్టు కూర, గోంగూర పప్పు, చింతపండు పులుసు, పొగలు కక్కే రాగి సంకటి. విస్తర్లు పరిచింది. ‘పి’ కొట్టింది. మైకు సింహాన్ని పిలిచింది, ఇంకెవర్నీ పిలవలేదు. వాసనకి అడవి అంతా పొదల చాటున చేరింది గానీ పిలుపు లేనిదే ఎవరొస్తారు? పైగా సింహం వస్తుందేమోనని ఒక కాలు పరుగుకి సిద్ధం.

వినయశీలం, దుమ్ములగొండి ఎదురుగా నిలబడి ఎండ చూసుకుంటున్నారు. “బావా, ఇక్కడ ఎముకల కొట్టు పెడితే ఎలా ఉంటుంది?” “దివ్యంగా ఉంటుందిరా.”

బరువయ్య గారు తొండం ఎత్తి పొద్దు చూశారు. “కంటకమ్మా, మధ్యాహ్నం అవుతోంది. అతిథి ఏడీ?”

ఆవిడ సంకటి గిన్నె మీద మూత పెట్టింది. కళ్ళు తుడుచుకుంటే పొగ అనుకున్నారు అందరూ.

అప్పుడు దూరంగా మైకులు వరసగా అందుకున్నాయి. మృగరాజు గారు వేంచేస్తున్నారు!

వచ్చింది సింహం. జూలు వేలాడిపోయి, కళ్ళు లోపలికి పోయి, తోక నేల మీద ఈడ్చుకుంటూ. వచ్చి విస్తరి ముందు కూలబడింది.

“ఏదుందో అది పెట్టు తల్లీ.”

“ప్రభూ, ఇది సంకటండీ…”

“రాళ్ళైనా తింటాను. పెట్టు.”

పెట్టింది. సింహం తింది. మళ్ళీ అడిగింది. గోంగూర పప్పు కలుపుకుని మూతి నాకుతూ, “ఇన్నాళ్ళూ ఇది నాకెవరూ చెప్పలేదేం?” అంది.

“ఇది చెల్లదు!” అని గెంతాడు వినయశీలం. “రాజుగారు పాలకులు, అతిథి ఎలా అవుతారు?”

“విస్తరి ముందు కూర్చున్నవాడు అతిథే” అంది సింహం, తల ఎత్తకుండా. “ఇంకో ముద్ద.”

“అతిథి కూర్చున్నారు, తిన్నారు. స్థలం కంటకమ్మదే” అని బరువయ్య గారు తీర్పు చెప్పేశారు. దుమ్ములగొండి బావ మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

కడుపు నిండాక సింహానికి బుర్ర పనిచేసింది. “వినయశీలం, నా పేరు అందరి టెంప్లేటులో పెట్టించింది నువ్వేనట. ఎంత గౌరవమయ్యా! నేనొక్కణ్ణే అనుభవించడం బావులేదు. ఇవాళ్టి నుంచి ఆ గౌరవం నీకు బదిలీ చేస్తున్నాను. నా పేరున్నచోట నీ పేరు.”

“ప్రభూ, నేనంత అర్హుణ్ణి కాదు” అన్నాడు వినయశీలం. జన్మలో మొదటిసారి నిజం చెప్పాడు పాపం.

రాజుగారే సెలవిచ్చాక కొంగ ముక్కుతో టకటకా పేరు మార్చేసింది. మార్చీ మార్చగానే కప్పలు ‘పి’ కొట్టాయి. నక్క పరిగెత్తాడు. తిరిగొచ్చేలోపే గేదెలు. బురద కారుతూ వచ్చాడో లేదో, ‘పూజ్యులు వినయశీలం గారూ, పేలు చూడ్డానికి రండి!’ ఆ పనీ చేసొచ్చి, రొప్పుతూ తిన్నగా కంప్యూటర్ ముందు కూర్చుని, వరసపెట్టి కొట్టెయ్యడం మొదలెట్టాడు.

“అయ్యో, ఆ లైను తీస్తే ఏం కూలుతుందో!” అని అరిచారు ఏకాగ్రం మాస్టారు.

“నేను కూలుతున్నాను మాస్టారూ!”

అన్నీ పోయాక, మొదట్లో కంటకమ్మ అడిగిన ఒక్క లైను రాసిపెట్టాడు. ‘ఎవర్ని పిలవాలి?’ జవాబు రాసేదాకా అది అడుగు కదలదు.

కంటకమ్మ దాని ముందు కూర్చుంది. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కుందేళ్ళు అని రాసింది, జింకలు, కోతులు, కప్పలు, గేదెలు అని రాసింది. మైకు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచింది. పొదల్లోంచి అందరూ బయటికొచ్చి సింహం వంక చూశారు. సింహం బ్రేవ్‌మని త్రేన్చి పక్కకి జరిగింది. కడుపు నిండిన రాజుని మించిన మంచి పొరుగు ఉండదని కుందేళ్ళు ముందు కూర్చున్నాయి, తర్వాత అందరూ.

ఆఖరి వరసలో బురద ఆరని నక్క కూడా చతికిలబడ్డాడు. కంటకమ్మ అతనికీ ఒక విస్తరి వేసి సంకటి ముద్ద పెట్టింది. తనకీ ఒకటి వేసుకుని, పెరట్లో కాదు, పంక్తి మధ్యలో కూర్చుంది.

దీనికి కూడా నీతి ఉండాలంటారా, రాసుకోండి: ఆఫీసు రాసింది మనం ఎన్నడూ కొట్టెయ్యకూడదు, రాసినవాడి పేరు అందులో ఇరికించి ఊరుకుంటే వాడే కొట్టేస్తాడు.